బండల దిక్కు తేల్చడం: క్యూజీఐఎస్‌తో నా అనుభవం

మాది బెంగళూరు బనశంకరిలో ఒక చిన్న ఆఫీసు. బోరు పాయింట్లు పెట్టడం పని. అపార్ట్‌మెంట్ల వాళ్ళు, ఫారమ్ హౌస్‌ల వాళ్ళు, అప్పుడప్పుడు ఫ్యాక్టరీల వాళ్ళు వస్తుంటారు. నేను తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ చేసి ఇక్కడ చేరాను. ఆఫీసులో సగం మంది మదనపల్లె, హిందూపురం వైపు వాళ్ళే, కాబట్టి భోజనాల దగ్గర తెలుగే నడుస్తుంది. మా సార్‌ది కడప. బ్రంటన్ కంపాస్ లేకుండా సైట్‌కి బయల్దేరడు. కంప్యూటర్ చూపించే దిక్కులంటే ఆయనకు మొదట్నుంచీ అనుమానమే.

మాగడి, రామనగర, కనకపుర మధ్య ఉన్న ప్రాంతం మొత్తానికి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్లో లీనియమెంట్ మ్యాపు, రోజ్ డయాగ్రమ్ తయారుచెయ్యమని నాకు అప్పజెప్పారు. ఆ వైపు నుంచి కేసులు ఎక్కువ వస్తున్నాయి, ప్రతిసారీ మొదట్నుంచి చూసుకునే బదులు ఒకటి చేసి పెట్టుకుంటే పనికొస్తుందని సార్ ఆలోచన. లీనియమెంట్ అంటే శాటిలైట్ చిత్రంలోనో, ఎత్తుపల్లాల మ్యాపులోనో తిన్నగా పోతూ కనిపించే గీత. అది పగులు కావచ్చు, భ్రంశం కావచ్చు, డైక్ (పాత రాతి పగుల్లోకి కరిగిన రాయి చొరబడి గోడలా గడ్డకట్టినది) కావచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. ఈ గీతలన్నీ ఏ దిక్కుకు ఎన్ని ఉన్నాయో లెక్కేసి గుండ్రంగా రేకుల్లా గీసేదే రోజ్ డయాగ్రమ్.

గట్టిరాయి నేలలో నీళ్ళు రాతిలో ఉండవు, రాతి పగుళ్ళలో ఉంటాయి. ఒక పొలంలో కనిపించిన పగులు ఎటు సాగుతోందో తెలిస్తే పక్క పొలంలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. డైక్ అయితే నీటికి చాలాసార్లు అడ్డం పడుతుంది. దానికి ఏ పక్కన బోరు వేస్తున్నామన్నది ముఖ్యం. అందుకే మాకు దిక్కుల పిచ్చి.

ఆ ప్రాంతంలో రాళ్ళ కథ పుస్తకాల్లో ఉన్నదే. అడుగున పెనిన్సులర్ నైస్ అనే చారల పాత రాయి. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ బురుజు కింద ఉన్న బండ అదే రాయి, వయసు 300 కోట్ల ఏళ్ళ దాకా చెప్తారు. జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. అందులోకి చొచ్చుకొచ్చింది క్లోజ్‌పేట్ గ్రానైట్. క్లోజ్‌పేట్ అనేది బ్రిటిష్ కాలంలో రామనగరకు ఉన్న పేరు. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నటి పట్టీలా 400 కిలోమీటర్ల దాకా సాగుతుంది. సావనదుర్గ, రామనగర గుట్టలు దాని మీదివే. ఈ రెంటినీ అడ్డంగా కోసుకుంటూ తూర్పు పడమరలుగా నల్లటి డాలరైట్ డైక్‌లు పోతాయి, వాటి వయసు 237 కోట్ల ఏళ్ళని తేల్చారు. అంటే మ్యాపు తెరవకముందే జవాబు సగం తెలుసు. రాతిలోని ఖనిజాల వరుస ఉత్తర దక్షిణాలు, డైక్‌లు తూర్పు పడమరలు.

చిక్కంతా ఇక్కడే. కంప్యూటర్లో ఏ రాస్టర్ అయినా పిక్సెళ్ళ గళ్ళే. ఆ గళ్ళ అంచులు కూడా ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలే. సాఫ్ట్‌వేర్ వల్ల ఏ చిన్న తేడా వచ్చినా అది సరిగ్గా మనం వెతుకుతున్న దిక్కులోనే గీతలా కనిపిస్తుంది. వాయవ్యానికి వాలిన రాళ్ళున్న చోట పనిచేసేవాళ్ళకు ఈ బాధ ఉండదు. మాకు మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఇది రాయా, పిక్సెలా అని అడుక్కోవాల్సి వచ్చింది.

డేటా దింపుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇస్రో భువన్ పోర్టల్లో ఖాతా తెరిస్తే కార్టోడెమ్ అనే ఎత్తుల డేటా (డెమ్) ముక్కలు, అంటే టైల్స్, ఉచితంగా దొరుకుతాయి. నాసా ఎస్‌ఆర్‌టీఎమ్ ఇంకోటి, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి 11 రోజుల్లో రాడార్‌తో కొలిచినది. రెండూ 30 మీటర్ల పిక్సెల్. జియాలజీ మ్యాపులకు జీఎస్‌ఐ వాళ్ళ భూకోశ్. ఎత్తుల డేటా రెండు చోట్ల నుంచీ తెచ్చుకోవడం మంచిది. ఒకదానిలో కనిపించి రెండో దానిలో లేని గీత మీద వెంటనే అనుమానం వస్తుంది.

ఈ టైల్స్ అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో వస్తాయి. ఎత్తులు మాత్రం మీటర్లలో. అలాగే హిల్‌షేడ్ (ఎత్తుల నుంచి కొండల నీడలు వేసే చిత్రం) చేస్తే ప్రతి గట్టూ నిట్టనిలువు కొండైపోయి మ్యాపంతా నలుపు తెలుపు మచ్చలు. స్కేల్ గడిలో 1,11,120 (ఒక డిగ్రీకి సుమారు అన్ని మీటర్లు) వేస్తే సరిపోతుంది, లేదా ముందే మీటర్ల ప్రొజెక్షన్‌కి మార్చుకోవాలి. నేను రెండో దారి పట్టాను. యూటీఎమ్ అనే మీటర్ల ప్రొజెక్షన్‌లో బెంగళూరుది జోన్ 43, సాఫ్ట్‌వేర్లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32643. నిజానికి దిక్కు వరకే చూసుకుంటే డిగ్రీల్లో ఉంచినా మన అక్షాంశంలో కొంప మునిగేదేం లేదు. 13 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశపు డిగ్రీ అక్షాంశపు డిగ్రీ కంటే 3 శాతం లోపే చిన్నది, కాబట్టి 45 డిగ్రీల గీత ఒక డిగ్రీ కూడా తప్పదు. కాశ్మీర్లో పనిచేసేవాళ్ళు ఇలా అనుకుంటే కుదరదు. పొడవులు కూడా కావాలి కాబట్టి మీటర్లు తప్పవు.

ప్రొజెక్షన్ మార్చే చోట మొదటి వల. క్యూజీఐఎస్‌లో వార్ప్ టూల్ తెరిస్తే రీశాంప్లింగ్ (కొత్త గళ్ళకు విలువ ఎలా తీసుకోవాలన్నది) గడిలో నియరెస్ట్ నైబర్, అంటే దగ్గరి పిక్సెల్ విలువే తీసుకో అని, తనంతట తనే వచ్చి ఉంటుంది. నేలవాడకం మ్యాపులకు అది సరైనదే, ఎత్తులకు కాదు. దానితో మార్చిన డెమ్ చూడ్డానికి బాగానే ఉంటుంది. హిల్‌షేడ్ చేశాకే బయటపడుతుంది: జూమ్ చేసి చూస్తే కోరా బట్ట మీద నేతలా నిలువుగా అడ్డంగా సన్నటి చారలు. ఎక్కడికక్కడ ఒక వరుస పిక్సెళ్ళు రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో దానికి కారణం. ఆ చారలు చెరువు మీదా పోతున్నాయి, గుట్ట మీదా పోతున్నాయి, మధ్య దూరం అంతా సమానం. రాయి ఎప్పుడూ అంత పద్ధతిగా ఉండదు. చుట్టూ ఉన్న పిక్సెళ్ళను కలిపి సగటు తీసే బైలీనియర్ పెట్టి మళ్ళీ మార్చగానే మాయమయ్యాయి. కానీ మ్యాపును దూరం నుంచి చూసి గీతలు గీసేవాళ్ళకు అవి డైక్‌ల గుంపులాగే ఉంటాయి. తూర్పు పడమర గీతలు మరీ ఒత్తుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్న మ్యాపు ఎవరైనా చూపిస్తే ఇప్పుడు నేను ముందు అడిగేది రీశాంప్లింగ్ ఏం పెట్టారని.

రెండో వల వెలుగు. హిల్‌షేడ్ అంటే ఒక మూల నుంచి ఎండ పడుతున్నట్టు కొండల నీడలు వెయ్యడం. సాఫ్ట్‌వేర్ తనంతట తను పెట్టుకునే వెలుగు 315 డిగ్రీల నుంచి, అంటే వాయవ్యం నుంచి. ఎత్తు 45 డిగ్రీలు. వెలుగుకు అడ్డంగా ఉన్న గట్లు, లోయలు ఒక పక్క మెరిసి, ఒక పక్క నల్లబడి బాగా తేలుతాయి. వెలుగుతో పాటే పోయేవి మాయమవుతాయి. కాబట్టి 315 మీద గీసిన మ్యాపులో ఈశాన్యం నుంచి నైరుతికి పోయే గీతలే పేరుకుంటాయి, వాయవ్య ఆగ్నేయ గీతలు సగం పోతాయి. సావనదుర్గ వైపు ఒక వాగు ఉంది. టోపోషీటులో తిన్నగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతుంది. 315 వెలుగులో దాని జాడే లేదు, అక్కడంతా ఒకే బూడిద రంగు. అజిమత్, అంటే వెలుగు వచ్చే దిక్కు, 45కి మార్చాను. ఒక గట్టు తెల్లగా, ఎదుటి గట్టు నల్లగా, మధ్యలో వాగు చాకుతో కోసినట్టు లేచి నిలబడింది. నేల అదే, డేటా అదే.

అందుకే 0, 45, 90, 315 నాలుగూ విడివిడిగా చేసుకున్నాను. 90 నుంచి వెలుగేస్తే ఉత్తర దక్షిణ గీతలు లేస్తాయి, 0 నుంచి వేస్తే తూర్పు పడమరవి. అన్ని వైపుల వెలుగూ కలిపి ఒకే చిత్రంగా ఇచ్చే మల్టీడైరెక్షనల్ అనే సదుపాయం కూడా ఉంది. అది చూడ్డానికి బాగుంటుంది, కానీ గీతలు గీయడానికి నాకు నచ్చలేదు. ఏ గీత ఏ వెలుగులో కనిపించిందో తెలియకుండా పోతుంది. ప్రతి వెలుగుకూ వేరే లేయర్ పెట్టి, మిగతా లేయర్లు కనిపించకుండా ఆపేసి, స్కేల్ 1:50,000 దగ్గర బిగించి గీశాను. జూమ్ చేసుకుంటూ గీస్తే ఒక మూల వంద చిన్న గీతలు, ఇంకో మూల నాలుగు పెద్ద గీతలు పడతాయి.

గీయడం ఒక్కరితో అయ్యే పని కాదని మా సార్ ముందే అన్నాడు. "నువ్వొక్కదానివే గీస్తే అది నీ చెయ్యి మ్యాపమ్మా, నేల మ్యాపు కాదు. వాడితో కూడా గీయించు" అని హిందూపురం కుర్రాణ్ణి చూపించాడు. ఇద్దరం ఒకరిది ఒకరు చూడకుండా అదే చిత్రాల మీద గీశాం. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వేర్వేరు జిల్లాల్లా ఉన్నాయి. నావి పొడుగ్గా, వాగు మలుపు తిరిగినా కలుపుకుంటూ పోయినవి. వాడివి పొట్టివి, మలుపు రాగానే ఆపేసినవి.

"అక్కా, ఇక్కడ వాగు వంగింది కదా, నువ్వు తిన్నగా ఎట్ల పోతావు?"

"వాగు వంగినా పక్కన గట్టు వంగలేదు చూడరా."

ఈ తగువు తేలలేదు. తేలనక్కర్లేదు కూడా. నా గీతల చుట్టూ 150 మీటర్ల బఫర్ తీసి, దాని లోపల పడి, దిక్కు కూడా కలిసిన వాడి గీతలను మాత్రం గట్టివని పెట్టుకున్నాం. మిగతావి పారేయలేదు, వేరే రంగులో ఉంచాం. ఈ 150 అనే అంకెకు శాస్త్రమేం లేదు. అది ఐదు పిక్సెళ్ళు, చేతి వణుకు అంతకు మించదని అనుకున్నాం. అసలు చెప్పాలంటే లీనియమెంట్ల మీద వచ్చే చాలా రిపోర్టుల్లో ఎవరు గీశారో, ఏ స్కేల్లో గీశారో, ఎన్ని వెలుగుల్లో చూశారో ఉండదు. రోజ్ డయాగ్రమ్ మాత్రం రంగుల్లో ఉంటుంది. నాకు వాటి మీద నమ్మకం పోయింది.

తర్వాత ఏరివేత. శాటిలైట్ చిత్రం, రోడ్ల లేయర్ కింద పెట్టి ఒక్కో గీతా చూసుకుంటూ పోవాలి. చెరువు కట్టలు, కాలువ గట్లు, కరెంటు లైన్ కోసం చెట్లు కొట్టేసిన దారులు, లేఔట్ల సరిహద్దులు, అన్నీ తిన్నగానే ఉంటాయి. బెంగళూరు మైసూరు రోడ్డు, దాని పక్కనే రైలు కట్ట, రెండూ రామనగర దాకా ఈశాన్యం నుంచి నైరుతికి పోతాయి. 315 వెలుగు ఎత్తి చూపించే దిక్కు కూడా అదే కదా. ఏరకముందు తీసిన రోజ్‌లో ఈశాన్యం వైపు ఒక రేకు బలిసి ఉందంటే దానిలో కొంత రోడ్డు, కొంత వెలుగు. రెండూ తీసేశాక అది సన్నబడింది కానీ పూర్తిగా పోలేదు. మిగిలింది రాయిదే అనుకుంటున్నాం.

మనుషులు చేసినవన్నీ కొట్టేయడం కూడా సరికాదని కనకపుర వైపు తెలిసింది. అక్కడ శాటిలైట్ చిత్రంలో పొడుగ్గా, ఇరుకుగా ఉన్న క్వారీ గుంతలు ఒకదాని వెనక ఒకటి తూర్పు పడమరలుగా వరుస కట్టి ఉంటాయి. మా వాడు క్వారీ అని రాసి ఎర్ర రంగు వేశాడు, కొట్టేయమని. కానీ క్వారీ వాళ్ళు గుంత అలా ఎందుకు తవ్వారు? కనకపుర నల్ల గ్రానైట్ అని వంటగది బండలకు, సమాధి రాళ్ళకు అమ్ముడుపోయే రాయి అసలు గ్రానైటే కాదు, డైక్‌లోని డాలరైటే. రాయి ఎంత వెడల్పుంటే గుంత అంతే వెడల్పు, రాయి ఎటు పోతే గుంత అటు. మేం కంప్యూటర్ ముందు కూర్చుని ఊహించేదాన్ని వాళ్ళు డబ్బు పెట్టి తవ్వి చూపించారు. ఆ గుంతల నడిమి గీతలను అన్నిటికంటే నమ్మకమైనవిగా పెట్టుకున్నాను.

గీతలు తేలాక దిక్కు లెక్క. ఫీల్డ్ క్యాలిక్యులేటర్లో అజిమత్ అనే ఫంక్షన్‌కి గీత మొదటి బిందువు, చివరి బిందువు ఇస్తే ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కోణం చెప్తుంది. రేడియన్లలో చెప్తుంది, డిగ్రీల్లోకి మార్చుకోవాలి. కింద నుంచి పైకి గీసిన గీత 10 అయితే, అదే గీతను పై నుంచి కిందకి గీస్తే 190. పగులుకు మొదలూ చివరా లేవు, కాబట్టి 180తో భాగించి శేషం తీసుకోవాలి. వంకర గీతలను ముందే ఎక్స్‌ప్లోడ్ లైన్స్‌తో ముక్కలు చేసుకుంటే ప్రతి ముక్క దిక్కూ వస్తుంది. అప్పుడు గీతల సంఖ్య కాకుండా పొడవు లెక్కన బరువు ఇవ్వాలి, లేకపోతే వంకరలు ఎక్కువున్న గీతకే ఎక్కువ ఓట్లు పడతాయి. లైన్ డైరెక్షన్ హిస్టోగ్రామ్ అనే ప్లగిన్ పొడవు బరువుతో రోజ్ గీసి పెడుతుంది.

ఇక సగటు. ఇక్కడ పడేంత గొయ్యి ఇంకెక్కడా లేదు. ఉత్తరానికి అటూ ఇటూగా ఉన్న రెండు గీతలు తీసుకోండి, ఒకటి 5 డిగ్రీలు, ఇంకోటి 175 డిగ్రీలు. రెండూ దాదాపు ఉత్తర దక్షిణాలే, మధ్య తేడా 10 డిగ్రీలే. ఎక్సెల్‌లో సగటు కొడితే 90 వస్తుంది, శుద్ధ తూర్పు పడమర. అంటే నైస్ వరుసలన్నీ కొలిచి సగటు తీస్తే డైక్‌ల దిక్కు వస్తుంది! వేరే ఊళ్ళో అయితే ఇది అర్థంలేని జవాబని వెంటనే పట్టుబడేది. ఇక్కడ మనం ఎదురుచూస్తున్న జవాబుల్లో ఒకటిగా వచ్చి కూర్చుంటుంది. విరుగుడు పాతదే: కోణాలను రెట్టింపు చేసి, వాటి సైన్‌లు, కొసైన్‌లు కూడి, వచ్చిన కోణాన్ని సగం చెయ్యాలి. 5, 175 రెట్టింపైతే 10, 350. వాటి నడిమిది 0. సగం చేసినా 0. ఉత్తరం.

రేకుల విషయంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. 10 డిగ్రీలకో రేకు చొప్పున 0 నుంచి మొదలుపెడితే ఉత్తర దక్షిణ గుంపు నడిమికి చీలి, సగం 0-10 రేకులో, సగం 170-180 రేకులో పడుతుంది. రెండు పొట్టి రేకులు. తూర్పు పడమర గుంపు 90కి ఒక పక్కకు ఒరిగి ఉంటే మొత్తం ఒకే రేకులో పడి పొడుగ్గా కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇక్కడ డైక్‌లదే రాజ్యం అనుకుంటారు. మొదలును 5 డిగ్రీలు జరిపి మళ్ళీ గీస్తే ఉత్తరం రేకు ఒక్కటై లేచింది. అప్పట్నుంచి రెండు రకాలుగా గీసి, రెంటిలోనూ నిలబడిన రేకునే రిపోర్టులో పెడుతున్నాం. ఇంకోటి, రేకు పొడవును సంఖ్యకు తగ్గట్టు పెంచితే వైశాల్యం దాని వర్గంలో పెరుగుతుంది, కంటికి పెద్ద రేకు మరీ పెద్దదిగా కనిపిస్తుంది. వర్గమూలం తీసుకుని గీస్తే ఆ బాధ ఉండదు, కానీ మా సార్‌కి ఆ బొమ్మ చప్పగా ఉంటుందట. ఆ ఒక్క విషయంలో సార్ మాటే నెగ్గింది.

ఇంత చేశాక కూడా మ్యాపులో దిక్కులే ఉన్నాయి, వాలు లేదు. రాతిలో ఏ తలమైనా రెండు కొలతలతో గానీ తేలదు. స్ట్రైక్ (తలం అడ్డంగా సాగే దిక్కు) ఎటు, డిప్ (వాలు) ఎంత, ఏ వైపు. దాని కోసం సైట్‌కి పోవాల్సిందే. పోయేముందు ఒక ఆదివారం పొద్దున లాల్‌బాగ్ బండ మీద ఫోనునూ బ్రంటన్‌నూ పోల్చి చూశాం. ఆ బండ మీద నలుపు, తెలుపు చారలు చేత్తో తడిమేంత స్పష్టంగా ఉంటాయి. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు నిలబడి చూసి, ఇక్కడ కూడా బోరు వేస్తారా అని అడిగారు. ఫోన్ ఉన్నచోటే ఉంచి వరసగా కొలిచినా అంకె కదులుతూ ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి సరిచేశాక కుదుటపడింది. బెంగళూరులో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే, జోన్ 43 గ్రిడ్ ఉత్తరానికి (మ్యాపు గళ్ళ నిలువు గీత చూపే ఉత్తరం) ఇంకో అర డిగ్రీ. 10 డిగ్రీల రేకులకు ఇవి లెక్కలోకి రావు. డైక్ మీద మాత్రం ఏ కంపాస్‌నూ నమ్మకూడదు. డాలరైట్‌లో మాగ్నెటైట్ ఉంటుంది, రాయికి ఆనించగానే ముల్లు తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. సార్ కంపాస్‌ను నడుము దగ్గర పట్టుకుని, రాయి నుంచి రెండడుగులు వెనక్కి జరిగి, దూరం నుంచి గురి చూసి కొలుస్తాడు. జీపు దగ్గర నిలబడి కొలిస్తే ఒప్పుకోడు.

రామనగర గ్రానైట్‌లో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు ఉంటాయి, కొన్ని వేలి పొడవు. చాలా చోట్ల అవి ఒకే వైపు తల పెట్టి పడుకుని ఉంటాయి. ఆ వరుస ఉత్తర దక్షిణాలకు దగ్గరగా ఉంది. మ్యాపులో మేం గీసిన పొడుగు లోయలూ అటే. అక్కడ నాకు మొదటిసారి రోజ్ డయాగ్రమ్ మీద కొంచెం నమ్మకం కలిగింది.

కొలతలను మ్యాపులో పెట్టేటప్పుడు సార్ పాత నోటుబుక్కులతో యాతన వచ్చింది. ఆయన ఉత్తరం నుంచి 20 తూర్పు, డిప్ 70 ఆగ్నేయం అన్న పద్ధతిలో రాస్తాడు. మా వాడు ఫోన్లో డిప్ దిక్కు, డిప్ అని రెండే అంకెలు తీసుకొచ్చాడు. అన్నిటినీ కుడిచేతి నియమానికి తెచ్చాం: స్ట్రైక్ వైపు ముఖం పెట్టి నిలబడితే వాలు కుడివైపు ఉండాలి. డిప్ దిక్కులోంచి 90 తీసేస్తే స్ట్రైక్, మైనస్ వస్తే 360 కలపాలి. ఇలా ఒక్క కాలమ్‌గా మార్చాక, కుడివైపు చిన్న గీత ఉన్న గుర్తును తెచ్చి రొటేషన్ గడిలో ఆ కాలమ్ పేరు ఇస్తే క్యూజీఐఎస్ అన్ని గుర్తులనూ తనే తిప్పి పెడుతుంది. పగుళ్ళ కొలతలను కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రిక్ ఆల్మెండింగర్ రాసిన స్టీరియోనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో వేశాం. రోజ్‌లో రెండు మూడు రేకులు తప్ప ఏమీ కనిపించని చోట, ఒక్కో తలాన్నీ దిక్కు, వాలు రెంటినీ బట్టి ఒక చుక్కగా చూపే స్టీరియోనెట్ వలయం నడిమధ్యలో ఒక చుక్కల గుంపు తేలింది. నడిమధ్యలో అంటే దాదాపు పడుకుని ఉన్న తలాలు. గ్రానైట్ గుట్టల మీద ఉల్లి పొరల్లా లేచే షీట్ జాయింట్లు అవి.

అవి లీనియమెంట్ మ్యాపులో ఎప్పటికీ కనిపించవు. పడుకున్న పగులు నేల మీద తిన్నటి గీత గీయదు, గుట్ట చుట్టూ వంకరగా తిరుగుతుంది. నిలువు పగుళ్ళే గీతలవుతాయి. కానీ గట్టిరాయిలో నీళ్ళలో పెద్ద వాటా ఈ పడుకున్న పగుళ్ళలోనే ఉంటుందని హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని చెప్తోంది. మెత్తబడిన రాయికి కిందనే ఉండే పొరలో అవి ఒత్తుగా ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ పలచబడతాయి. వెయ్యి అడుగులు దాటి తవ్వే బోర్లలో చాలావరకు ఎందుకు ఎండిపోతున్నాయో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. కాబట్టి నా మ్యాపు బోరు ఎక్కడ వేయాలో చెప్పదు. నేలలోకి కరెంటు పంపి రాయిని పరీక్షించే రెసిస్టివిటీ మీటరు ఏ వైపు పరచాలో చెప్తుంది: గీతకు అడ్డంగా, డైక్ ఉంటే దాని రెండు పక్కలా. ఇదే సార్‌తో అంటే "ఆ మాత్రం తెలిస్తే చాలు, మిగతాది మీటరు చూసుకుంటుంది" అన్నాడు.

కస్టమర్లకు ఇదంతా అక్కర్లేదు. హారోహళ్ళి దగ్గర ఫారమ్ హౌస్ ఉన్న అనంతపురం ఆయనకు రిపోర్టు ఇస్తే పేజీలు తిప్పి, "ఈ పువ్వు బొమ్మ ఎందుకు మేడమ్, రాయి ఎక్కడ పాతాలో చూపించండి" అన్నారు. ఆయన పొలానికి ఉత్తరం అంచున డైక్ పోతోంది, మేం దానికి ఎగువ పక్కన మీటరు పరిచాం. రాయి పాతి వచ్చాం.

ఇప్పుడు చింతామణి వైపు ఇలాంటి మ్యాపే మొదలైంది. అక్కడ కొత్త తలనొప్పి. 78 డిగ్రీల రేఖాంశం దాటితే జోన్ 44. చిక్కబళ్ళాపుర 43లో ఉంటే, చింతామణి 44లో పడుతుంది. ఎక్కడివక్కడ వేరే జోన్లలో గీసి తర్వాత కలుపుదామని మా వాడు అన్నాడు. కానీ 43 గ్రిడ్ ఉత్తరం అక్కడ అసలు ఉత్తరానికి ఒక పక్కకు 0.7 డిగ్రీ, 44 గ్రిడ్ ఉత్తరం రెండో పక్కకు అంతే. సరిహద్దు దాటగానే ఒకే డైక్ దిక్కు 1.4 డిగ్రీ మారిపోతుంది. రేకులకు అది పట్టకపోవచ్చు, అయినా మొత్తం 43లోనే ఉంచమన్నాను. రీశాంప్లింగ్ బైలీనియర్ పెట్టాడో లేదో మాత్రం నేనే వెళ్ళి చూసుకున్నాను.